ఓబుళమ్మ వామనగుంటల పీట

నేను పన్నెండేళ్ళు ఒక ఆయాను చూసి కుళ్ళుకున్నాను. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే మిగతావి రాయడం తేలిక. ఆమె పేరు ఓబుళమ్మ. వేలిముద్ర వేసి జీతం తీసుకునేది. నేను మూడేళ్ళు నర్సింగ్ చదివి, ప్రభుత్వాసుపత్రిలో కొన్నాళ్ళు పనిచేసి, ఆమె మీద అధికారం చేసే కుర్చీలో కూర్చున్నదాన్ని. అయినా కుళ్ళుకున్నది నేను. ఆమెకు ఆ తీరికే లేదు.

మొన్న నర్సింగ్ చదివిన ఇద్దరు అమ్మాయిలు పెనుకొండలో మా ఇంటికి వచ్చారు. హిందూపురంలో నేను పనిచేసిన హోమ్‌లోనే వాళ్ళకు ఉద్యోగాలు దొరికాయట. "ఏం నేర్చుకుని పోవాలి మేడం?" అని అడిగారు. కాఫీ ఇచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపించాను. వాళ్ళు గేటు దాటాక నాకే సిగ్గనిపించింది. నేను చెప్పినవన్నీ పుస్తకంలో ఉన్నవే. చెప్పాల్సింది చెప్పలేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

ఆ హోమ్‌ను ఒక ట్రస్టు వాళ్ళు నడిపేవారు. పుట్టుకతోనో పసితనంలోనో మెదడు ఎదుగుదల కుంటుపడినవాళ్ళు, పెద్దవాళ్ళయ్యాక ఉండే చోటు అది. ఆటోవాళ్ళు "పిచ్చోళ్ళ బడి" అనేవాళ్ళు. అది బడీ కాదు, వాళ్ళు పిచ్చివాళ్ళూ కాదు. నేను తొంభైల మొదట్లో చేరినప్పుడు ఆడవాళ్ళ వార్డులో పద్నాలుగు మంచాలు ఉండేవి. ఈ పద్నాలుగు అన్న లెక్క గుర్తు పెట్టుకోండి, ముందు పని పడుతుంది.

మీసాలున్న మనిషి

హోమ్‌లో చేర్చకుండా ఇంట్లోనే పెట్టుకున్న వాళ్ళను చూడడానికి నెలకోసారి జీపులో పెనుకొండ, ధర్మవరం తిరిగేవాళ్ళం. నేనూ, సాయానికి ఓబుళమ్మా.

పెనుకొండలో ఒక కిరాణా అంగడి శెట్టిగారి కొడుకు చలపతి. ముప్పై ఏళ్ళుంటాయి. పుట్టుకతోనే బుద్ధి మాంద్యం. గల్లాపెట్టె పక్కన చిన్న స్టూలు మీద కూర్చుని పొట్లాలకు దారం చుట్టేవాడు. పళ్ళు పుచ్చాయని వాళ్ళ నాన్న చెబితే నేను టార్చి తీసి, "బుజ్జీ, ఏదీ, ఆ అను" అన్నాను. అతను నోరు బిగించాడు. "మా బంగారు కదూ, మా నాన్న కదూ" అన్నాను. ఇంకా బిగించాడు. చివరికి నా వైపు చూసి, "నాకు మీసాలుండాయి" అన్నాడు.

అంగట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు ఓబుళమ్మ దారపు ఉండ చేతిలోకి తీసుకుని, "ఏమప్పా చలపతీ, యాపారం ఎట్లుండాది? పల్లు నొచ్చుతాంటే బేరం యాడ చేస్తావు, ఈ సిస్టరమ్మకి ఒకతూరి సూపించు" అంది. అతను నోరు తెరిచాడు.

ముప్పై ఏళ్ళ మనిషిని బుజ్జీ అనకూడదు. అతని బుద్ధి ఎంత ఎదిగిందో మనకు తెలియకపోవచ్చు గాని, వయసు ఎంతో తెలుసు కదా. ముట్టుకునే ముందు చెప్పండి, దుస్తులు మార్చే ముందు తలుపు వేయండి. ఇది ఆ రోజు నేర్చుకున్నాను. నేర్పింది ఓబుళమ్మ అన్నది మాత్రం మింగుడు పడలేదు. తిరుగు జీపులో ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె హాయిగా హిందూపురం దాకా నిద్రపోయింది.

నాగరత్న ఒకే ఒక్క మాట

నాగరత్నది ధర్మవరం. పట్టుచీరలు నేసే ఇల్లు. వచ్చేటప్పటికి ఇరవై ఆరేళ్ళు. నడక తడబడుతుంది, మాట రాదు. తండ్రి పోయాడు. తల్లి అలివేలమ్మ మగ్గం గుంతలో దిగి కూర్చుంటే, కూతురు గడప దాటి రోడ్డు మీదికి పోయేది. రెండుసార్లు లారీ కింద పడబోయి బతికింది. అప్పుడు తెచ్చి మా దగ్గర వదిలింది.

రెండు రోజులు పిల్ల పచ్చి గంగ ముట్టలేదు. నేను పుస్తకంలో ఉన్నట్టే చేశాను. వీపు వెనక దిండు పెట్టి, ఎదురుగా కూర్చుని, చిన్న చెంచాతో మెత్తటి అన్నం పెట్టబోయాను. చెంచాను కొరికి పట్టుకుంది. రెండోసారి విసిరికొట్టింది. నా తెల్ల బట్టల నిండా మెతుకులు.

మూడో రోజు మధ్యాహ్నం ఓబుళమ్మ గిన్నెలో సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టుకుని వచ్చి, నాగరత్న పక్కన నేల మీద కూర్చుంది. ఎదురుగా కాదు, పక్కన. పిల్ల వైపు చూడనే లేదు. తన పాటికి తను తింటోంది. నాలుగు ముద్దలయ్యాక నాగరత్న చెయ్యి గిన్నెలోకి వచ్చింది. అప్పుడు ఓబుళమ్మ గోలీకాయంత ముద్ద చేసి అందించింది. గొంతు కదిలిందాకా చూసి, ఇంకొకటి చేసింది. గిన్నె ఖాళీ అయ్యేసరికి గంట పట్టింది.

వాకిలి దగ్గర నిలబడి చూస్తున్న నేను సంతోషించాలా వద్దా? సంతోషించలేదు. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

పది రోజులకు నాగరత్న ఓబుళమ్మను చూసి "మా" అంది. ఆ పిల్లకు వచ్చిన ఒకే ఒక్క మాట అది. తల్లిని తప్ప ఎవరినీ అలా పిలవలేదట. ఆ తర్వాత నేను చేయని ప్రయత్నం లేదు. రిబ్బన్లు కొన్నాను, పౌడరు రాశాను. ఒకసారి మల్లెపూలు తెచ్చి జడలో పెట్టాను. నాగరత్న వాటిని పీకి తీసుకెళ్ళి ఓబుళమ్మ కొప్పులో గుచ్చి వచ్చింది. ఆదివారం చర్చిలో మోకరించి, "ప్రభువా, నాలోని ఈ ఓర్వలేనితనం తీసెయ్" అని ప్రార్థన చేసేదాన్ని. అదే ప్రార్థనలో, ఓబుళమ్మకు వేరే ఊళ్ళో మంచి పని చూపించమని కూడా అడిగేదాన్ని.

అలివేలమ్మ నెలకోసారి పాసింజరు బండిలో వచ్చేది. వచ్చినప్పుడల్లా కాగితంలో చుట్టిన ఒక రవిక గుడ్డ ఓబుళమ్మ చేతిలో పెట్టేది. తప్పకుండా, ప్రతి నెలా. నాకు దండం పెట్టి రెండు నిమ్మకాయలు ఇచ్చేది. నిమ్మకాయలు మంచివే, కాదనను. కానీ ఆ పిల్లకు మందులు రాసిపెట్టేది నేను, మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టేది నేను. రవికలు మాత్రం ఓబుళమ్మకు. కూతురు ఇంకొకరిని "మా" అంటుంటే కన్నతల్లే ఇంత సంబరంగా సారె పెడుతోంది, కందకు లేని దురద కత్తికెందుకని నన్ను నేను తిట్టుకునేదాన్ని. దురద మాత్రం తగ్గేది కాదు.

డాక్టరుగారు ఎవరిని అడిగేవారు

మా హోమ్‌కు ప్రతి గురువారం ఒక పెద్ద డాక్టరుగారు వచ్చేవారు. నేను చార్టులన్నీ వరుసగా పెట్టుకుని నిలబడేదాన్ని. ఆయన వాటిని దాటుకుని నేరుగా స్నానాల గది గోడ దగ్గరికి వెళ్ళేవారు. అక్కడ గూట్లో ఓబుళమ్మ వామనగుంటల పీట ఉండేది.

ఈ కాలం పిల్లలకు తెలియకపోతే చెబుతాను. రెండు వరుసల్లో ఏడేసి గుంటలున్న చెక్క పీట. చింతగింజలతో ఆడవాళ్ళు మధ్యాహ్నాలు ఆడుకునే ఆట. ఓబుళమ్మ తన ఊరు నంబులపూలకుంట నుంచి వచ్చేటప్పుడు మూటలో తెచ్చుకుంది. మా వార్డులో మంచాలు పద్నాలుగు, పీటలో గుంటలు పద్నాలుగు. మంచాల వరుసలోనే ఒక్కొక్కరికి ఒక్కో గుంట కేటాయించింది. ఎవరైనా ఒక రోజు దొడ్డికి పోకపోతే ఆ గుంటలో ఒక చింతగింజ వేసేది. పోతే గింజలన్నీ తీసేసేది. రెండు గింజలు పడితే ఆ మనిషికి బొప్పాయిపండు, వేడినీళ్ళు, ఆవరణలో నడక. మూడు పడితే నా దగ్గరకొచ్చి మందు అడిగేది. చదువు రాని మనిషి కట్టుకున్న పద్ధతి. చూడగానే తెలిసిపోతుంది.

నవ్వకండి. మాట రాని మనిషికి మలబద్ధకం చిన్న జబ్బు కాదు. కడుపు నొస్తోందని చెప్పలేరు. మనం ఇచ్చే మూర్ఛ మందులు, నిద్ర మందులు కొన్ని పేగును ఇంకా మందగింపజేస్తాయి. కదలిక తక్కువ, నీళ్ళు తక్కువ. ప్రాణం మీదికి వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

డాక్టరుగారు పీట చూసి, "ఏమ్మా, నాలుగో మంచానికి రెండు గింజలున్నాయే?" అనేవారు. ఓబుళమ్మ చెప్పేది. ఆయన వినేవారు. నేను చార్టు పట్టుకుని నిలబడి ఉండేదాన్ని. ఒక గురువారం ఆగలేక, "సార్, నేనున్నాను కదా, నన్నడగొచ్చు కదా" అన్నాను.

"మీరు రాసింది నేను చదువుకుంటాను సిస్టర్. ఆమె రాయలేదు కాబట్టి అడుగుతున్నాను" అన్నారాయన.

ఆయన న్యాయంగానే అన్నారు. కానీ పైఅధికారులు కాబోయే వాళ్ళకు ఒక మాట. ఆ రోజు ఆయన ఇంకొక్క ముక్క కలిపి, "మీ చార్టులు బాగుంటాయి" అని ఉంటే, ఆ తర్వాత జరిగింది జరిగేది కాదేమో. తప్పు నాది, ఆయన మీదికి తోయడం లేదు. మెచ్చుకోలు దొరకని మనిషి ఏం చేస్తుందో చెబుతున్నాను, అంతే.

పీట తీసేయించాను

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో పైనుంచి తనిఖీకి వస్తున్నారని కబురు వచ్చింది. మా మేనేజరుగారికి కాగితం ఉంటే మనిషి ఉన్నట్టే. "గోడల మీద ఈ గూళ్ళేమిటి, గింజలేమిటి సిస్టర్?" అన్నారు. నాకు అంతే కావాలి. క్రిములు పెరుగుతాయని చెప్పి పీటను సామాన్ల గదిలో విరిగిన మంచాల కిందకు తోయించాను. దాని బదులు గళ్ళ చార్టు గీసి గోడకు తగిలించాను. పేరుకు ఎదురుగా రోజూ టిక్కు పెట్టాలి. అంతటితోనూ ఆగలేదు. అందరికీ అన్ని పనులూ రావాలని మేనేజరుకు చెప్పి ఓబుళమ్మను వంటింటికి మార్పించాను.

ఓబుళమ్మ గొడవ పడలేదు. వెళ్ళేటప్పుడు ఒక్క మాట అంది. "పీట తీస్తే తీయి సిస్టరమ్మా. నాగీని మాత్రం నీ కండ్లతో నువ్వు సూడు. దాని పేగు శానా మొద్దు."

"నాకు తెలుసులే" అన్నాను.

ఆమె చోట వచ్చిన కొత్త ఆయాకు రాయడం రాదు. మొదటి రోజు సాయంత్రం, "అందరూ పోయారా?" అని అడిగాను. "పోయిరి సిస్టరమ్మా" అంది. పద్నాలుగు టిక్కులు పెట్టాను. రెండో రోజూ అంతే. మూడో రోజు నుంచి అడగడం కూడా మానేశాను. డ్యూటీ దిగే ముందు పై నుంచి కిందికి గబగబా టిక్కులు పెట్టేసి సంతకం చేసేదాన్ని. చార్టు ముత్యాల్లా ఉండేది. తనిఖీకి వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు. పీట లేకపోవడంతో గురువారం డాక్టరుగారు కూడా చార్టే చదువుకుని వెళ్ళారు.

వారం తిరక్కుండా నాగరత్న తిండి తగ్గించింది. తల గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేను ఏమనుకున్నానో దాచకుండా రాస్తున్నాను. ఓబుళమ్మ కోసం బెంగ పెట్టుకుందనుకున్నాను. ఆ పిల్ల బాధలో కూడా నాకు ఓబుళమ్మ మీద ప్రేమే కనబడింది. "ఇన్నేళ్ళు నేను చేసింది ఏమీ లేదా?" అని ఒళ్ళు మండింది. నాలుగు రోజులుంటే అదే అలవాటవుతుందిలే అని పంతం పట్టాను. మరీ అల్లరి చేస్తే ఇమ్మని డాక్టరుగారు రాసిపెట్టిన మత్తు మాత్ర ఒకటి ఇచ్చాను. మర్నాడు రెండోది.

ఆ మధ్యాహ్నం మత్తులో నాగరత్న నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. అన్నేళ్ళలో మొదటిసారి. జుట్టు నిమురుతూ గంటసేపు కదలకుండా కూర్చున్నాను. చాలా సంతోషపడ్డాను. ఇప్పుడు తలచుకుంటే నా మొహం నేను చూసుకోలేను.

ఓబుళమ్మ అన్నం గంగాళం దించడానికి వచ్చి కిటికీలోంచి చూసింది. "సిస్టరమ్మా, అట్ల మోకాళ్ళు ముడుచుకుంటాందే, ఎన్నాళ్ళ నుంచి?"

"అలిగింది. నీ కోసమే. నువ్వు రాకపోతే అదే సర్దుకుంటుంది."

"అలిగితే గోడ తట్టు తిరిగి పండుకుంటాది. అది అలక కాదు సిస్టరమ్మా, నొప్పి."

"నీ పని వంటింట్లో కదా" అన్నాను. వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయం నాగరత్న వాంతి చేసుకుంది. ఎవరు చెప్పారో, ఓబుళమ్మ పిండి చేతులతోనే వచ్చేసింది. నన్ను అడగకుండా నాగరత్న పక్కన కూర్చుని కడుపు మీద చెయ్యి వేసింది.

"కడుపు తప్పెట మాదిరి ఉండాది. దొడ్డికి పోయి ఎన్నాళ్ళాయె?"

నేను గోడ దగ్గరికి వెళ్ళి చార్టు చూపించాను. "రోజూ పోతోంది. ఇదిగో, రాసి ఉంది."

ఓబుళమ్మ చార్టు వైపు చూడలేదు. నా మొహంలోకి చూసింది. "నాకు సదవనీకి రాదు సిస్టరమ్మా. నువ్వు సూసినావా?"

నేను చార్టు మీది నుంచి చెయ్యి తీసేశాను. "ఆముదం పట్టిద్దామా?" అన్నాను. మూడేళ్ళు చదివిన నేను ఆ మాట అన్నాను.

"వద్దు వద్దు. కడుపు ఇట్ల బిగిసినాక తాపితే పానం పోతాది. ముందు జీపు పిలువు."

బెంగళూరు ఆసుపత్రి బెంచీ

జీపులో తీసుకెళ్తే డాక్టరుగారు చూసి ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా బెంగళూరు పంపారు. పేగు నిండి, బరువుకు మెలిపడిపోయిందన్నారు అక్కడ. అదే సాయంత్రం ఆపరేషన్ చేశారు. బతుకుతుందో లేదో రెండు రోజులు గడిస్తే గాని చెప్పలేమన్నారు.

మర్నాడు పొద్దున మేనేజరుగారు ఫైలు పట్టుకుని వచ్చారు. చార్టు కూడా తెచ్చారు. వరండాలో ఒక పక్కకు పిలిచి, "చార్టు ప్రకారం అంతా సక్రమంగానే ఉంది. వంటింట్లో ఉండాల్సిన మనిషి అనుమతి లేకుండా వార్డులోకి వచ్చింది. ఏదో నాటుమందు పెట్టి ఉంటుంది. ఆమెను తీసేస్తే సరిపోతుంది. అంతే కదా సిస్టర్?" అన్నారు.

నేను అవుననలేదు. కాదనీ అనలేదు. తల వంచుకుని బెంచీ దగ్గరికి వచ్చి కూర్చున్నాను. ఒక్క మాట చెబితే ఓబుళమ్మ ఉద్యోగం నిలుస్తుంది, నా ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే పన్నెండేళ్ళ నా కడుపుమంట చల్లారుతుంది. నిజం చెప్పాలంటే నాకు ఆశ పుట్టింది.

బెంచీ మీద అలివేలమ్మ ఉంది. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "ఓబుళమ్మ రాల్యా?" అని అడిగింది.

ఆ సమయంలో కూడా ఆ పేరే. ఉండబట్టలేక అనేశాను. "మీకు ఆమె అంటే ఎంత గౌరవమో. ప్రతి నెలా రవిక తెస్తారు."

అలివేలమ్మ నా వైపు వింతగా చూసింది. "గౌరవమా? అది నా కడుపుమంట సిస్టరమ్మా."

నాకు అర్థం కాలేదు.

"నా కడుపున పుట్టిన బిడ్డ ఇంకొకతిని 'మా' అంటాంటే నాకెట్లుంటాదనుకుంటివి? మొదటితూరి విన్న దినం ఓబుళమ్మ కండ్లు పీకేద్దామనిపించె. ఇంటికి పోయి మగ్గంలో కూసుంటే పోగు తోలే నాడె చేతిలో ఆడల్యా. రెండు దినాలు నేత నేయల్యా." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మల్లా అనుకొంటి. ఈ మంటతో నేనేమన్నా నోరు జారితే, ఆమె మనసు ఇరిగితే, అన్నం పోయేది ఎవరికి? నా బిడ్డకే గదా. అందుకే మంట పుట్టినప్పుడంతా ఒక రవిక కొంటా. తెచ్చి ఆమె చేతిలో పెడతా. ఆ నెలకి సల్లబడతాది. మల్లా నెలకి మల్లా పుడతాది."

కంద నాకంటే ఎక్కువగా దురద పెట్టుకుని కూర్చుంది. నాకే తెలియలేదు. ఆమె మంట పుట్టినప్పుడు రవిక కొన్నది. నేను పీట తీసేయించాను.

లేచి వెళ్ళి మేనేజరుగారికి చెప్పేశాను. టిక్కులన్నీ నేనే పెట్టాననీ, ఒక్క రోజు కూడా చూడలేదనీ, ఓబుళమ్మ రాకపోయి ఉంటే నాగరత్న అప్పటికే పోయి ఉండేదనీ. ఆయన ఫైలు మూసి, "మీరు ఆలోచించుకుని మాట్లాడండి సిస్టర్" అన్నారు. ఆలోచించాను కాబట్టే ఇంత ఆలస్యమైందని చెప్పి, ఆ చార్టు కాగితం మీదే అదంతా రాసి సంతకం పెట్టాను. తర్వాత అలివేలమ్మ దగ్గరికి వచ్చి ఆమెకూ చెప్పాను. ఆమె బెంచీ ఆ చివరికి జరిగింది. తిట్టలేదు. ఆ తర్వాత ఎప్పుడూ నాకు నిమ్మకాయలు తేలేదు.

పీట మళ్ళీ గూట్లోకి

నాగరత్న బతికింది. నాలుగు వారాలకు పొట్ట మీద జానెడు మచ్చతో తిరిగి వచ్చింది. నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు. మెమో ఇచ్చారు, ఇంకా ఏవో చేశారు, అవి ఇక్కడ అక్కర్లేదు. ఓబుళమ్మ వార్డుకు తిరిగి వచ్చింది.

పీటను సామాన్ల గదిలోంచి నేనే తీశాను. ఒక అంచు పగిలింది. తుడిచి గూట్లో పెడుతుంటే ఓబుళమ్మ వచ్చి చూసింది. నాలుగు తిట్లు తిడుతుందని ఎదురుచూశాను, తిడితే బాగుండుననుకున్నాను. "చింతగింజలు కొన్ని తక్కువుండాయి, సంతలో తెస్తా" అంది, అంతే. ఆ రోజు నుంచి గింజ ఆమె వేసేది, ఆమె చెప్పాక చార్టు నేను రాసేదాన్ని. గురువారాల్లో డాక్టరుగారు రెండూ చూసేవారు.

మీకు ఒక మాట. ఉన్నట్టుండి మనిషి తిండి మానినా, తల కొట్టుకున్నా, అరిచినా, ముందు పొగరనో అలకనో అనుకోకండి. పళ్ళు చూడండి, చెవులు చూడండి, కడుపు చూడండి. మత్తు మాత్ర ఆఖరిది. చూడకుండా టిక్కు పెట్టకండి. మీకంటే తక్కువ చదివిన మనిషి మీకంటే ఎక్కువ చెబితే, మంట పుడుతుంది. పుట్టనివ్వండి. ఆ మంటను రోగి దగ్గరికి తీసుకెళ్ళకండి.

కొన్నేళ్ళకు ఓబుళమ్మకు మోకాళ్ళు పట్టేసి ఊరికి వెళ్ళిపోయింది. పీట నాకే ఇచ్చింది. ఆమె వెళ్ళాక నాగరత్న నెల రోజులు వాకిలి వైపు చూస్తూ కూర్చుంది. నేను సంగటి గిన్నె పెట్టుకుని పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. ఎదురుగా కాదు, పక్కన. తన వైపు చూడకుండా నా పాటికి నేను తింటూ. ఐదో రోజు ఆ చెయ్యి నా గిన్నెలోకి వచ్చింది. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా నా చేతి ముద్దే తింది. "మా" అని మాత్రం ఒక్కసారీ అనలేదు. నేను ఎదురుచూడలేదని చెబితే అబద్ధమవుతుంది.

నా చోట శైలజ అనే అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళు కూడా లేవు. పీట ఆమెకు అప్పజెప్పి, పద్ధతంతా నేర్పి వచ్చాను. రిటైరైన రెండో నెలలో బస్సెక్కి హిందూపురం వెళ్ళాను. నాగరత్న కోసం అరటిపళ్ళు తీసుకున్నాను.

వార్డులో నేల మీద శైలజ, నాగరత్న పక్కపక్కన కూర్చుని తింటున్నారు. గూట్లో పీట ఉంది, గుంటల్లో అక్కడక్కడా గింజలున్నాయి. నాగరత్న తల ఎత్తి నన్ను చూసింది. గుర్తుపట్టింది, నవ్వింది కూడా. తర్వాత శైలజ వైపు తిరిగి, గిన్నె చూపిస్తూ, "మా" అంది.

రెండు నెలలు. నాకు ఇన్నేళ్ళలో దొరకనిది శైలజకు రెండు నెలల్లో దొరికింది.

అరటిపళ్ళు మంచం మీద పెట్టి, "ఇప్పుడే వస్తాను" అని బయటికి వచ్చాను. కాసేపు గేటు దగ్గర నిలబడ్డాను. రోడ్డు దాటి ఎదురుగా ఉన్న బట్టల అంగట్లోకి వెళ్ళి, ఉన్నవాటిలో మంచిది, ఆకుపచ్చ రవిక గుడ్డ ఒకటి తీసుకున్నాను. తిరిగి వచ్చి శైలజకు అందించాను.

"ఇప్పుడు ఇదెందుకు మేడం?" అంది ఆ అమ్మాయి, చేతికి సంగటి అంటుకుని ఉంటే మోచేత్తో పట్టుకుంటూ.

"ఉంచుకో అమ్మా" అన్నాను. "వచ్చే నెల ఇంకొకటి తెస్తాను."